పక్కవాళ్ళ ఊపిరి

రిహార్సల్ హాలు వెనక గది,
ఎండలు మొదలైన వారం.

గుసగుసమ్మా,

నీకు పెళ్ళయి ఏడాది దాటింది. నీ గొంతు విని ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు. ఫోన్ చేస్తే "ఊ", "ఆ", "బాగున్నాం పెద్దమ్మా". ఈ మూడు ముక్కల కోసం నేను ఫోన్ చెవికి ఆనించుకుని మెడ నొప్పి తెచ్చుకోవాలా? ఇకమీదట ఉత్తరాలే. నోరు విప్పని పిల్ల కాగితం మీదైనా విప్పుతుందని నా ఆశ. "ఏడో తరగతితో చదువు ఆపేశాను, తప్పులు పోతాయి" అని సాకులు చెప్పకు. తప్పులు దిద్దడానికి నేను పంతులమ్మను కాను.

ఇంతకీ సంగతేమిటంటే, మా కోరస్ బృందంలో ముందు వరసలో నా పక్క చోటు ఖాళీ అవుతోంది. వానలు వెనకబట్టాక మాస్టారు కొత్తవాళ్ళను పిలిచి పాడించి చూస్తారు. "మా చెల్లెలి కూతురుంది" అని చెప్పాను. "మీ అంత గొంతేనా?" అన్నారు. "నాకంటే ఒక మెట్టు పైనే" అన్నాను. అంత మాట నోరు జారాక ఇక వెనక్కి తీసుకోలేను.

మీ అమ్మ పోయిన దగ్గర్నుంచి నిన్ను పక్కలో వేసుకుని పాట నేర్పింది మీ అత్తగారి టైలరింగ్ షాపులో కాజాలు కుట్టుకోవడానికి కాదు. పొద్దున్నే లేచి పాడు. పై స్థాయిని ఒక్కరోజు కూడా వదలకు. వాడకపోతే అది తలుపు గడియలా బిగుసుకుపోతుంది. గుసగుసగా కాదు, నోరు తెరిచి పాడు.

జవాబు రాయి. రెండు పేజీలకు తక్కువైతే చదవను.

మీ పెద్దమ్మ


కుట్టుగది, కిటికీ పక్క బల్ల,
ఎండలు ముదిరాక.

పెద్దమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. రాయడానికి కాగితం దొరకక, కోట్ల నమూనాలు గీసే గోధుమరంగు కాగితాన్ని ముక్కలు చేసి రాస్తున్నాను. వెనకవైపు ఎవరిదో చెయ్యి కొలత ఉంటుంది, పట్టించుకోకు.

ఇక్కడ అందరూ కులాసా. ఆయన పొద్దున్నే లిఫ్టుల మరమ్మతుకు వెళ్ళిపోతారు. ఇంటికి వచ్చేసరికి చేతులు గ్రీజు వాసన. ముందు గదిలో షాపు, గాజు తలుపు, దానికి చిన్న గంట. మధ్య గదిలో రెండు మిషన్లు, అత్తయ్య గుడ్డ కత్తిరించే పొడుగు బల్ల. వెనక వంటిల్లు. నేను వంటింట్లో పాడుకుంటాను. పంపు తిప్పుకుని పాడితే బయటకు వినపడదు. నువ్వు కోప్పడతావని తెలుసు.

అత్తయ్య సంగతి నీకు తెలుసు కదా. నేను కాపురానికి వచ్చిన రోజు ఏదో అడగబోతే "గట్టిగా!" అన్నారు. అన్నంలోకి ఏం చెయ్యమంటారని అడిగినా గట్టిగా, తలనొప్పిగా ఉందన్నా గట్టిగా. ఒకసారి నేను తుమ్మితే కూడా అదే మాట అన్నారని ఆయన నవ్వించారు. ఆ మాట వినపడగానే నా నోట్లో ఉన్న మాట కూడా గొంతులోకి జారిపోయేది.

ఒకటి అడుగుతాను. ఆడమనిషి బాగా కిందికి, మగవాళ్ళు మాట్లాడేంత కిందికి దిగి పాడాలంటే ఎలా? అలా పాడితే పై స్థాయి పోతుందా? ఇంకోటి. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకునే మనిషి పక్కన పాడాలంటే ఏం చెయ్యాలి? ఊరికే అడుగుతున్నాను.

రెండు పేజీలు కాలేదు. అక్షరాలు పెద్దవి చేశాను.

నీ బిడ్డ


రైలు స్టేషన్ బెంచీ,
ప్రోగ్రాం నుంచి తిరిగి వస్తూ.

గుసగుసమ్మా,

నువ్వు ఊరికే అడిగే మనిషివి కావు. చిన్నప్పుడు "పెద్దమ్మా, దెబ్బ తగిలితే రక్తం ఎంతసేపు కారుతుంది?" అని ఊరికే అడిగావు. తీరా చూస్తే మోకాలు చీరుకుపోయి ఉంది.

కింది స్థాయి ముసలివాళ్ళకు. నీకెందుకు? మాస్టారు వినేది పై మెట్టు. గట్టిగా పట్టుకుని వణకకుండా నిలబెట్టావా, చోటు నీది. కిందికి దిగి దిగి గొంతుకు అదే అలవాటైతే మళ్ళీ పైకి లాగడానికి నా తాతలు దిగిరావాలి. వద్దంటే వద్దు.

రెండో ప్రశ్నకు మాత్రం జవాబు చెబుతాను, అది మా వృత్తి కాబట్టి. కోరస్‌లో ఒక పొడుగు వాక్యం తెగకుండా ఎలా సాగుతుందో ఎప్పుడైనా ఆలోచించావా? ఎవరికీ అంత ఊపిరి ఉండదు. పక్కపక్కన నిలబడ్డవాళ్ళు ఒకేచోట ఊపిరి తీసుకోకూడదు, అంతే. ఆవిడ తీసుకునేటప్పుడు నువ్వు పాడాలి, నువ్వు తీసుకునేటప్పుడు ఆవిడ పాడాలి. ఇద్దరూ ఒకేచోట తీసుకున్నారో, పాటకు చిల్లు పడుతుంది. అందుకే ముందు పక్కవాళ్ళ ఊపిరి వినడం నేర్చుకోవాలి. గొంతు విన్నాక సర్దుకుందామంటే ఆలస్యమైపోతుంది. ఊపిరి ముందు వస్తుంది. ఊపిరి వినపడలేదంటే ఆ మనిషి పాడటం లేదన్నమాట.

రైలు వస్తోంది. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో నిజం రాయి.

మీ పెద్దమ్మ


కుట్టుగది,
మధ్యాహ్నం, అత్తయ్య నిద్రపోయాక.

పెద్దమ్మా,

అందరూ కులాసా అని రాసింది అబద్ధం.

ఎండలు మొదలవకముందే అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. కోటు గుడ్డ కత్తిరిస్తున్నారు. చేతిలోంచి కత్తెర జారి కింద పడింది. "కత్తెర" అన్నారు. నేను వంగి తీసి ఇచ్చేసరికి మనిషి బల్ల మీదికి ఒరిగిపోయారు. ఆసుపత్రి నుంచి ప్రాణంతో తీసుకొచ్చాం. కుడి చెయ్యి లేవదు. మాట పోయింది. పోగా మిగిలింది ఆ ఒక్క మాటే.

నీళ్ళు కావాలన్నా కత్తెర. కిటికీ మూయమన్నా కత్తెర. కొడుకును పిలిచినా కత్తెరే. తను వేరే మాట అంటున్నాననే అనుకుంటారు, బయటికి అదే వస్తుంది. వచ్చింది విని తనే ఉలిక్కిపడతారు. మొదట్లో ఆయన నిజంగా కత్తెర అడుగుతోందనుకుని తెచ్చి చేతిలో పెట్టారు. అత్తయ్య దాన్ని ఆయన మీదికే విసిరారు. ఎడమ చెయ్యి కాబట్టి గురి తప్పింది.

ఇప్పుడు కోట్లు కత్తిరించేది నేను. ఎవరితోనూ చెప్పొద్దని ఆయన అన్నారు. అత్తయ్య చేతి కత్తిరింపు కోసం వచ్చేవాళ్ళు మానేస్తారని భయం. నీకు చెప్పకపోవడానికి కారణం అది కాదు. పెళ్ళిలో నన్ను పక్కకు పిలిచి "ఈ ఇంట్లో నీ గొంతు మూతపడిపోతుందే" అన్నావు. నువ్వన్నదే అయిందని నా చేత్తో నేనే రాయడానికి మనసొప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక పొద్దున పంపులో నీళ్ళు రాలేదు. ఎలాగూ మొదలుపెట్టాను కదా అని ఆపకుండా పాడాను. అత్తయ్య మిషన్ తొక్కుతూ పాడుకునే పాట ఒకటుంది, తనే కట్టుకున్నారట. ఆయన చిన్నప్పుడు మిషన్ కింద కూర్చుని ఆ పాట వింటూ గుడ్డముక్కలతో ఆడుకునేవారట. "దారమా దారమా తెగిపోకే" వరకు పాడి ఊపిరి తీసుకున్నాను. పక్క గదిలోంచి వినపడింది:

"పొద్దువాలే లోపలే పని కానీవే."

ముతక గొంతు, నెమ్మదిగా. కానీ ప్రతి అక్షరమూ ఉంది.

పరిగెత్తుకెళ్ళాను. ఎడమ చేత్తో నోరు మూసుకుని నన్నే చూస్తున్నారు. "ఏమన్నారు అత్తయ్యా? మళ్ళీ అనండి" అన్నాను. చెయ్యి తీసి, ఎంతో కష్టపడి "కత్తెర" అన్నారు. ఆ తర్వాత ఏడ్చారు. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక పక్కన కూర్చుని గుడ్డ మడతలు పెట్టాను.

మాట లోపల ఉంది పెద్దమ్మా. పాట దారిలో అయితే బయటికి వస్తోంది. ఆవిడ గొంతు బాగా కింద ఉంది. అందుకే అడిగాను.

నీ బిడ్డ


రిహార్సల్ హాలు, మేడ మెట్లు,
మొదటి వాన పడ్డ రోజు.

ఏమే,

ఇన్నాళ్ళు దాచావా? తల్లిలా పెంచినదానికి చెప్పకపోతే ఇంకెవరికి చెప్పుకుంటావు? వదినగారికి అలా జరిగిందంటే నమ్మలేకపోయాను. పెళ్ళిలో మా బృందం మొత్తం కంటే ఆవిడ గొంతే గట్టిగా వినపడింది కదా.

బాధపడ్డాను. ఆ సంగతి అలా ఉంచు. ఇప్పుడు నా మాట విను. ఒక ఆయాను పెట్టుకోండి. నువ్వు వచ్చి నా దగ్గర ఉండు, మాస్టారు పిలిచేదాకా. పగలంతా గుడ్డ కత్తిరించి, మిగతాసేపు ఆవిడతో పాటు మూలిగితే నీ గొంతు ఏమవుతుంది? ఆవిడది వచ్చేలోపు నీది పోతుంది. వైద్యం డాక్టర్ల పని. నువ్వు పాటగత్తెవి.

నీకు అర్థం కావడం లేదు. ముందు వరసలో చోటంటే కుర్చీ కాదు, ఎవరో లేచాక నువ్వు కూర్చోవడానికి. నా పక్కన నువ్వే ఉండాలి. వేరే ఎవరు ఉన్నా నాకు కుదరదు. ఎందుకని అడగకు.

మీ పెద్దమ్మ

సంతకం పెట్టేశాక రాస్తున్నాను. రాయకూడదనుకుంటూనే. నువ్వు పాటకు నగలు తొడుగుతావు, మలుపులూ వణుకులూ. ఆవిడ దగ్గర అవన్నీ తీసెయ్. ముందు ఆవిడ శృతి ఎక్కడుందో వెతుకు. పాడించి వెతక్కు. ఆవిడ దగ్గుతారు, మూలుగుతారు, నిద్రలో ఏదో అంటారు. అవి ఎక్కడ పలుకుతాయో అదే ఆవిడ ఇల్లు. అక్కడికి నువ్వే వెళ్ళాలి, ఆవిడ రాలేరు.


కుట్టుగది,
వానలు.

పెద్దమ్మా,

నీ సంతకం కింద రాసిన ముక్క అందేసరికి నేను చెయ్యకూడని తప్పు చేసేశాను.

"నీళ్ళు కావాలి" అన్న మాటకు నేనొక వరస కట్టాను. మంచి వరస అయితే మనసుకు పట్టుకుంటుంది కదా అనుకున్నాను. "నీళ్ళు" దగ్గర ఒక మలుపు, "కావాలి" దగ్గర పైకి ఒక విసురు. నాకే ముచ్చటేసింది. అత్తయ్య నా నోటినే చూస్తూ నాలుగైదుసార్లు ప్రయత్నించారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి మాట జారిపోయేది. నేను ఇంకా అందంగా పాడి చూపించాను. గ్లాసు తీసి గోడకేసి కొట్టారు. ముక్కలు ఏరుతుంటే అర్థమైంది. దాహంతో ఉన్న మనిషి ముందు నేను కచేరీ చేస్తున్నాను.

ఆ తర్వాత నువ్వు చెప్పినట్టే చేశాను. ఆవిడ దగ్గును విన్నాను. అది మా పాత ఫ్యాను తిరిగే శబ్దానికి దగ్గరగా ఉంది. పాడటం మానేసి కొన్నాళ్ళు ఆ ఫ్యాను కింద కూర్చుని నోరు మూసుకుని, అక్కడికి దిగడం అలవాటు చేసుకున్నాను. మలుపులు లేవు. రెండే మెట్లు, ఒకటి కింద, ఒకటి కొంచెం పైన. మామూలుగా మాట్లాడితే మాట ఎటు లేస్తుందో అటే లేపడం, ఎటు దిగుతుందో అటే దింపడం. ఆసుపత్రిలో మాట నేర్పే డాక్టరమ్మకు చెబితే ఆశ్చర్యపోలేదు. కొంతమందికి ఇలా జరుగుతుందట, మాట పోయినా పాట మిగులుతుందట. ఎడమ చేత్తో తొడ మీద తాళం వేయిస్తూ పాడించమన్నారు. మాట పూర్తిగా తిరిగి వస్తుందా అంటే మాటివ్వలేనన్నారు.

నేను మొదట పాడతాను. తర్వాత ఇద్దరం కలిసి. తర్వాత నేను మధ్యలో తప్పుకుంటాను. ఆవిడ ఊపిరి ఆగే చోట మళ్ళీ అందుకుంటాను. నా గొంతు ఇప్పుడు నాకు వినపడటం లేదు, ఆవిడదే వినపడుతోంది. నోటిని చూస్తే చాలు, శబ్దం వస్తుందో లేదో ముందే తెలిసిపోతోంది. మాట వచ్చేటప్పుడు ఇక్కడ, కంఠం కింద గుంటలో, చర్మం లోపలికి లాగుతుంది. రానప్పుడు పెదవులు మాత్రమే కదులుతాయి.

ఆవిడ తనంతట తను పాడిన మొదటి వాక్యం ఏమిటో తెలుసా? "ఉ... ప్పె... క్కు... వ." కూర నోట్లో పెట్టుకుని, తొడ మీద తాళం వేస్తూ, చావు కబురంత విషాదంగా. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నారు. మా ఇంట్లో ఇప్పుడు తిట్లు కూడా శృతిలోనే వస్తున్నాయి. బటన్లు వంకరగా కుడితే వేరే పాట ఉంది.

పై స్థాయి సాధన తగ్గింది. నీ దగ్గర దాచను. రావడం మాత్రం ఇప్పుడు కుదరదు.

నీ బిడ్డ


రిహార్సల్ హాలు.

గుసగుసమ్మా,

వచ్చే వారం మాస్టారు వింటారు. ముందు నిన్ను ఒంటరిగా పాడిస్తారు, తర్వాత వరసలో నిలబెడతారు. నా పక్కనే. భయపడకు, నేనుంటాను కదా. ఒక్క పూట పని. ఆ ఒక్క పూట మీ అత్తగారిని మీ ఆయన చూసుకోలేడా?

రాకపోతే నేనిక మాస్టారు ముందుకు వెళ్ళలేను. ఇది బెదిరింపు కాదు, నిజం.

మీ పెద్దమ్మ


కుట్టుగది.

పెద్దమ్మా,

వస్తున్నాను. నేను రానని రాద్దామని కాగితం తీశాను. నీ ఉత్తరం అత్తయ్య దిండు మీద పడి ఉంటే ఆవిడ చూశారు. చదవడం ఇంకా సరిగా రాదు, అయినా ఏదో పోల్చుకున్నారు. ఎడమ చేత్తో నా భుజం మీద తోశారు. ఇంకోసారి తోశారు. నేను కదలకపోయేసరికి తొడ మీద తాళం మొదలుపెట్టారు. "వె... ళ్ళు." ఊపిరి. "పా... డు." ఆ ఊపిరి దగ్గర నేను అందుకోవాలి కదా, అందుకోలేకపోయాను. మూడో మాట తనే ఒంటరిగా వెతుక్కున్నారు. "రా."

వెళ్ళి, పాడి, తిరిగి రమ్మని. ఆయన ఆ రోజుకు సెలవు పెట్టారు.

నీ బిడ్డ


ఇంట్లో,
తలుపులు వేసుకుని.

ఏం చేశావే?

ఒంటరిగా పాడినప్పుడు హాల్లో కుర్చీ కదిలిన చప్పుడు లేదు. ఆ పై మెట్టు మీద నిలబడ్డావు చూడు, వణుకు లేదు, నగలు లేవు. ఇది నేను నేర్పిన పాట కాదే, ఎక్కడ నేర్చుకుంది ఇది అనుకున్నాను. మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నా ఇన్నేళ్ళలో ఆయన అలా ఎవరికీ తియ్యలేదు. చోటు నీ చేతిలోకి వచ్చేసింది.

తర్వాత నా పక్కన నిలబెడితే, మొదటిసారి బాగానే పాడావు. రెండోసారి పాట పైకి లేచే చోట, అందరూ పైకి వెళ్తుంటే నువ్వు కిందికి దిగిపోతావా? వరస మొత్తం తడబడింది. "ఎవరది కింద పాడుతున్నది?" అని మాస్టారు అడిగితే "నేనే" అన్నావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు గట్టిగా అన్న మొదటి మాట అదే, దాన్ని అక్కడ వాడాలా? "ఎందుకు దిగావు?" అంటే పలకవు. "ఇది నీకు సరిపడే చోటు కాదమ్మా" అన్నారు. ఆయన అలా అంటూ నీ వైపు చూడలేదు, నా వైపు చూశారు.

ఇంకెవరో పిల్లను తీసుకున్నారు. నీ మీద పెట్టుకున్నదంతా ఒక్క నిమిషంలో నేలపాలు చేశావు. ఇక ఉత్తరాలు రాయకు.


కుట్టుగది,
గుడ్డలు సర్దాక.

పెద్దమ్మా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఊరుకుంటాను. చదవకపోయినా పరవాలేదు.

మొదటిసారి పాడుతున్నప్పుడు నీ పక్కన నిలబడి, అలవాటు ప్రకారం నీ ఊపిరి కోసం చూశాను. నువ్వు తీసుకునే చోట నేను పాడాలి కదా. పాట కింద నడిచినంతసేపు వినపడింది. పాట పైకి లేచాక వినపడలేదు. నేనే సరిగా వినలేదేమో అనుకుని పక్కకు చూశాను. నీ నోరు అందరికంటే బాగా తెరుచుకుంది. ముఖంలో పాటంతా ఉంది. కంఠం కింద గుంట కదలలేదు.

నాకు అది ఇంట్లో రోజూ చూసే పని పెద్దమ్మా. చూడకుండా ఉండలేకపోయాను.

అప్పుడు తెలిసింది, నీ పక్కన వేరే ఎవరున్నా ఎందుకు కుదరదో. నా గొంతు నీ గొంతులా ఉంటుంది. నేను పాడితే ఇద్దరం పాడినట్టే ఉంటుంది.

నువ్వు అడిగినట్టయితే అలాగే పాడేదాన్ని. ఎన్నేళ్ళయినా పాడేదాన్ని. కానీ రెండోసారి ఆ చోటుకు వచ్చేసరికి నీ పెదవులు మళ్ళీ ఒట్టిగా తెరుచుకోవడం చూశాను. అత్తయ్య మాట రాని రోజుల్లో అలాగే తెరిచేవారు. నా కాళ్ళు నా మాట వినకుండా కిందికి నడిచినట్టు, నా గొంతు దిగిపోయింది. ఆలోచించి చేసింది కాదు. నేను దిగగానే నువ్వు అందుకున్నావు. ఎంత నిండుగా వచ్చింది నీ గొంతు! ఒక్క వాక్యమే. నీ ఊపిరి నా భుజానికి తగిలింది. ఆ తర్వాత మాస్టారు ఆపేశారు.

చోటు పోయినందుకు నాకు బాధ లేదంటే అది కూడా అబద్ధమే అవుతుంది. వచ్చేటప్పుడు రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. మాస్టారికి నేను నీ సంగతి చెప్పలేదు. ఆయనకు చెప్పాలో వద్దో నీ ఇష్టం.

అత్తయ్య ఏమైందని అడిగారు. పాడి అడిగారు. "పాడాను, వచ్చేశాను" అన్నాను. నా ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా, పక్కన చోటు ఇచ్చారు.

నీ బిడ్డ


ఇంట్లో, బాల్కనీ,
చలి మొదలయ్యాక.

తల్లీ,

నీ ఉత్తరాన్ని చాలాసార్లు మడిచాను, చాలాసార్లు విప్పాను. కాగితం వెనక ఎవరిదో మెడ కొలత ఉంది. అది కూడా చదివాను.

పై స్థాయి పోయి చాలాకాలమైంది. ఒక్కరోజులో పోలేదు. ముందు ఒక మెట్టు, తర్వాత ఇంకోటి. మొదట జలుబనుకున్నాను, తర్వాత అలసట అనుకున్నాను. ఒక ప్రోగ్రాంలో పాట మధ్యలో గొంతు రాకపోతే నోరు మాత్రం కదిపాను. ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడమే నన్ను ముంచింది. పక్కవాళ్ళ ఊపిరి వినమని వరసలో ప్రతి పిల్లకూ నేర్పింది నేనే. ఒక్కరూ వినలేదు. నువ్వు విన్నావు. అందుకే నీ మీద అంత కోపం వచ్చింది.

నిన్ను తెచ్చి నా పక్కన నిలబెట్టాలనుకుంది నీ కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజమే. ఎంత అని అడగకు.

మాస్టారికి చెప్పాను. ఆయనకు ముందే అనుమానం ఉందట. "పెద్దవారు, నేనెలా అడగను?" అన్నారు. కింది గొంతు అవసరమైన పాట వస్తే పిలుస్తానన్నారు. ఇంతవరకూ పిలవలేదు. పొద్దున్నే లేస్తున్నాను, అలవాటు. బాల్కనీలో నిలబడుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇన్నేళ్ళూ కింది స్థాయి ముసలివాళ్ళకని అన్నదాన్ని, దాన్ని నేనెప్పుడూ నేర్చుకోలేదు.

నువ్వు నేర్చుకున్నావు కదా. ఎలా దిగావు? ఫ్యాను కింద కూర్చుని ఏం చేశావో వివరంగా రాయి. రెండు పేజీలకు తక్కువైతే చదవను.

మీ పెద్దమ్మ


కుట్టుగది,
పొద్దున, ఎండ బల్ల మీద పడ్డాక.

పెద్దమ్మా,

ఫ్యాను సంగతి రాస్తే అర్థం కాదు. వచ్చి కూర్చోవాలి. ఆయన మధ్య గదిలో నీకు మంచం వేశారు.

ఇంకో కారణం కూడా ఉంది. మాట నేర్పే డాక్టరమ్మ నన్ను వారానికి ఒకపూట వార్డుకు రమ్మంటున్నారు. అత్తయ్యలాంటి వాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. ఒకాయనకు "రేపు" అన్న మాట ఒక్కటే మిగిలింది. ఒకావిడకు అదీ లేదు. వాళ్ళందరి ముందు నిలబడాలంటే భయంగా ఉంది. ఒక్కొక్కరి శృతి ఒక్కోచోట. అందరికీ అందుకోవడానికి నాకొక్కదానికి ఊపిరి చాలదు. నేను తీసుకునే చోట పాడటానికి ఇంకో మనిషి కావాలి. కింది గొంతు కావాలి.

నీ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించనా అని నిన్న అడిగాను. నీ సంగతులు కదా, ఒక్క క్షణం ఆలోచించాను. ఆవిడకంటే బాగా అర్థం చేసుకునేవాళ్ళు ఎవరున్నారనిపించింది. పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాను. "పై స్థాయి పోయి చాలాకాలమైంది" దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గిపోయింది. పాత గుసగుసలాగే అయిపోయింది.

అత్తయ్య నా వైపు తిరిగారు. ఏదో పాడబోతున్నారనుకుని తాళం కోసం ఆవిడ ఎడమ చేతి వైపు చూశాను. చెయ్యి ఒళ్ళో కదలకుండా ఉంది. కంఠం కింద గుంట లోపలికి లాగింది. ఊపిరి వినపడింది. పాడలేదు పెద్దమ్మా. అన్నారు.

"గట్టిగా!"

మొదటి నుంచి మళ్ళీ చదివాను. గట్టిగా.

నీ బిడ్డ